చూడకుండా పారేసిన జాకీల జత

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక కెజియా నా దగ్గరికొచ్చింది. ఫ్రీమాంట్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగిన పిల్ల. చుట్టూ చూసి గొంతు తగ్గించి అడిగింది.

"ఆంటీ, మీరు రీనోలో పోకర్ డీల్ చేసేవారంట కదా? నేను కూడా కార్డ్ రూమ్‌లో జాయిన్ అయ్యాను. డీలర్‌గా. మమ్మీకి ఇంకా చెప్పలేదు. ఏమైనా అడ్వైస్ ఇస్తారా?"

"మమ్మీకి చెప్పలేదు కదా, అయితే సరిగ్గానే మొదలుపెట్టావు" అన్నాను. ఈ వృత్తిలో అందరం అక్కడే మొదలుపెడతాం. గుంటూరులో మా అమ్మ చనిపోయేదాకా నేను ఏదో హోటల్లో మేనేజరునని నమ్మింది. సంఘంలో పెద్దలు కూడా అలాగే నమ్మారు. హోటల్ అయితే అబద్ధం కాదు. పై పన్నెండు అంతస్తులూ హోటలే. నేను పనిచేసింది కింది అంతస్తు కాసినోలో.

కెజియాకి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. నేను రాస్తున్న దీన్ని వాళ్లమ్మే చదివి వినిపించాలి. ఆ విధంగా ఇద్దరికీ విషయం ఒకేసారి తెలుస్తుంది. నాకు తోచిన అడ్వైస్ అది.

ఉద్యోగం అంటే

డెబ్బైల చివర మా ఆయన ప్రకాశరావుకి నెవాడాలో మట్టి పరీక్షలు చేసే ల్యాబులో పని దొరికితే రీనో వచ్చాం. నేను తెలుగు మీడియంలో బి.ఏ. పాసయ్యాను, తెలుగు టైపు హయ్యర్ కూడా. అమెరికా ఈ రెండు ఘనతలనూ ఎంతో మర్యాదగా పక్కన పెట్టింది. ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనక ఆరు వారాల డీలర్ స్కూల్ ఉండేది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా మేనమామలతో పేకాడినదాన్ని. ఇస్పేటూ కళావరూ ఆఠీనూ డైమనూ నాకు కొత్త కాదు. ఆ దేశంలో నాకు ముందే తెలిసిన భాష అదొక్కటే.

పోకర్ డీలరు తను ఆట ఆడదు. ముక్కలు కలిపి, పంచి, పందేలు చూసి, చివర ఎవరి ముక్కలు గొప్పవో చదివి, మధ్యనున్న పందెం బిళ్లల కుప్పను గెలిచినవాడి వైపు తోస్తుంది. అరగంటకోసారి ఇంకో డీలరు వచ్చి భుజం తడితే, చేతులు దులిపి అరచేతులు పైకి తిప్పి చూపించి లేవాలి. ఏమీ దాచుకోలేదని సీలింగులోని కెమెరాకి చెప్పడం అన్నమాట. ఒకసారి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాక నేను అలాగే చేతులు దులిపి అరచేతులు చూపించాను. పక్కనున్నావిడ దాన్ని గొప్ప భక్తి అనుకుంది.

తొమ్మిదిమంది బల్ల చుట్టూ కూర్చుని, పొగ నా మొహాన వదులుతూ, వాళ్ల తెలివితక్కువ ఆటకి కారణం నేనేనని నమ్మేవాళ్లు. అందరికంటే ఎక్కువ నమ్మేది ఇంజినీర్లూ డాక్టర్లూ. లారీ డ్రైవరు ఓడిపోతే తనను తాను తిట్టుకుంటాడు. డాక్టరు ఓడిపోతే డీలర్ని మార్చమంటాడు.

ఇలాంటివాళ్లను ఏళ్ల తరబడి దగ్గరనుంచి చూస్తే ఒక జబ్బు పట్టుకుంటుంది. మనం డబ్బు పెట్టి ఎన్నడూ ఆడం కాబట్టి ఎన్నడూ తప్పు చేయం. అంచేత మనకు ఆట అందరికంటే బాగా వచ్చనుకుంటాం. ఆ జబ్బు నాకు బాగా ముదిరింది.

ఎడ్డీ చెప్పిన ఒక్క మాట

మా షిఫ్టు మేనేజరు పేరు ఎడ్డీ. నవ్వడానికి కూడా ఇంకెవరి అనుమతో కావాలన్నట్టుండే మనిషి. మొదటివారం నేను ముక్కలు పంచుతుంటే ఒకటి ఎగిరి ఒక పెద్దమనిషి కాఫీలో పడింది. ఎడ్డీ వచ్చి, దాన్ని స్పూనుతో తీసి, తుడిచి, "ఇది ఈదగలదు. మిగతావాటితో ప్రయత్నించకు" అని వెళ్లిపోయాడు. తిట్టడం అంతే.

అతను నేర్పిన అసలు పాఠం ఇంకొకటి. "ఆట చివర్లో మనుషులు మాట్లాడతారు. వినకు. ముక్కలు బల్ల మీద తెరిచి పెట్టాక అవి మాట్లాడతాయి. అది విను. ఆడేవాళ్లకి కూడా చెప్పు. బిళ్లలు తమ వైపు తోసేదాకా ముక్కలు వదలొద్దని."

ఎందుకంటే ముక్కలు ముఖం కిందికి పెట్టి పారేసినవాటి కుప్పలోకి తోస్తే అవి చచ్చినట్టే. నాలుగు ఆసులున్నా సరే. ఎదుటివాడు "నాకు గొప్ప ముక్కలొచ్చాయి" అని నోటితో అన్నంతమాత్రాన నమ్మి పారేసేవాళ్లు రోజుకొకరైనా ఉండేవారు. నేను ఇంగ్లీషులో నేర్చుకున్న మొదటి పూర్తి వాక్యం "సర్, బిళ్లలు వచ్చేదాకా ముక్కలు పట్టుకోండి" అన్నదే. దాన్ని ఎన్ని వేలసార్లు అన్నానో, ఎంత జాలిగా అన్నానో, ఆ జాలి ఎంత అసహ్యంగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.

డీలర్ల టోర్నమెంటు

ప్రతి ఏడూ కొత్త సంవత్సరం మొదటివారంలో, ఒక మంగళవారం పొద్దున గది ఖాళీగా ఉన్నప్పుడు, డీలర్లకు మాత్రమే ఒక టోర్నమెంటు పెట్టేవారు. డబ్బుండదు. గెలిచినవాళ్లు ఆ సంవత్సరమంతా తమ షిఫ్టూ, తమ సెలవు రోజులూ తామే ఎంచుకోవచ్చు. మాలాంటివాళ్లకి అంతకంటే ఖరీదైనది ఇంకేముంది?

నేను ఆరేళ్లుగా సాయంత్రం షిఫ్టు. మా అమ్మాయి షీలా స్కూలునుంచి వచ్చేసరికి నేను యూనిఫారం వేసుకుంటూ ఉండేదాన్ని. ఆదివారాలు అసలు సెలవుండేది కాదు. శాక్రమెంటోలో నాలుగైదు తెలుగు కుటుంబాలు ఆదివారం మధ్యాహ్నం ఒక అద్దె హాల్లో ఆరాధన పెట్టుకునేవి. కొండదారిలో రెండుగంటలకు పైగా ప్రయాణం. మా ఆయనా షీలా వెళ్లి వచ్చేవారు. "అక్కయ్యగారు మళ్లీ రాలేదేంటి?" అని అక్కడ అడిగితే, "హోటల్లో రష్షు" అని ఆయన చెప్పేవాడు. ఆరేళ్లుగా ఒకే రష్షు.

ఆ ఏడు నేను చివరిదాకా వచ్చాను. మిగిలింది ఇద్దరం. నేనూ, లొరెయిన్.

లొరెయిన్‌కి అరవై దగ్గర పడుతోంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఎర్రటి లిప్‌స్టిక్, అందరికీ "హనీ". ఇరవై ఏళ్లుగా పంచుతోంది, నాలాగే సాయంత్రం షిఫ్టులో. ఆటగాళ్లు ఆమె బల్ల కోసం వెయిట్ చేసేవారు. ఎవరైనా ముక్కలు తెరిస్తే, "నీ దగ్గరేముందో నీ నోటితోనే చెప్పు హనీ, నాకు వినాలనుంది" అనేది. అది ఆమె చలాకీతనం అనుకునేవాళ్లం. ఈమెకెందుకు పగటి షిఫ్టు, ఇంట్లో ఎవరున్నారు గనక అని నేను మనసులో అనుకున్నాను. నా అవసరం అవసరం. ఆమెది సరదా.

ఆ ఆట

పోకర్ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు, ముఖం కిందికి. బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు, ముఖం పైకి. మొత్తం ఏడింటిలో మంచివి ఐదు ఎవరివో వాళ్లు గెలుస్తారు. ఒకే అంకె రెండుంటే జత. ఐదు అంకెలు వరసగా వస్తే స్ట్రెయిట్. స్ట్రెయిట్ ముందు జత దిగదుడుపు.

ఆ రోజు ముక్కలు పంచుతున్నది ఎడ్డీ. బల్ల మధ్యలో జాకీ, ఎనిమిది, ఏడు, ఐదు, రెండు. నా చేతిలో ఇంకో జాకీ, ఒక రాజు. అంటే నాకు జాకీల జత. లొరెయిన్ తన రెండు ముక్కల్నీ మొహానికి దగ్గరగా ఎత్తి చూసుకుని, బిళ్లలన్నీ ముందుకు తోసింది. నేను ఒక నిమిషం ఆలోచించాను. ఆలోచించానని రాస్తున్నాను గానీ, ఆమెకేమీ లేదని ముందే తేల్చేసుకుని, చూసేవాళ్ల కోసం ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాను. తర్వాత నా బిళ్లలన్నీ తోశాను. నావి ఆమెకంటే కొంచెం తక్కువ. ఓడితే నా ఆట అయిపోయినట్టే.

లొరెయిన్ నా మొహంలోకి చూసి, "స్ట్రెయిట్" అంది.

మధ్యలో ఐదు, ఏడు, ఎనిమిది ఉన్నాయి. ఆమె చేతిలో ఆరూ తొమ్మిదీ ఉంటే స్ట్రెయిట్ అవుతుంది. నా బుర్ర చకచకా లెక్క కట్టింది. నా బుర్రకి ఆ వేగం మీద చాలా గర్వం. ఆరేళ్ల ఆదివారాలు ఒక్క క్షణంలో కళ్లముందు జారిపోయాయి. ఒళ్లు మండిపోయింది. నా రెండు ముక్కల్నీ పారేసిన కుప్పలోకి విసిరికొట్టాను.

అప్పుడు లొరెయిన్ తన ముక్కలు తెరిచింది.

తొమ్మిది, ఎనిమిది.

ఆరు కాదు, ఎనిమిది. స్ట్రెయిట్ లేదు. ఎనిమిదుల జత. నా జాకీల జత దానికంటే పెద్దది. కానీ నా జాకీ అప్పటికే కుప్పలో కలిసిపోయింది.

చుట్టూ నిలబడ్డ డీలర్లంతా మెడలు చాచారు. ఎడ్డీ లొరెయిన్ ముక్కల్ని చూశాడు, కుప్పను చూశాడు, నన్ను చూశాడు. ఆ చూపులో జాలి ఉంది. నేను ఆరేళ్లుగా అందరికీ పంచిపెట్టిన జాలి.

"బతికున్న ముక్కలు ఒక్కరివే" అని బిళ్లలు లొరెయిన్ వైపు తోశాడు.

ఆమె ఒక్కమాట అనలేదు. పొరపాటున అన్నానని గానీ, సారీ అని గానీ. బిళ్లలు కూడా పేర్చుకోకుండా లేచి వెళ్లిపోయింది.

ఇప్పుడు చాలాచోట్ల టోర్నమెంట్లలో బిళ్లలన్నీ తోసేశాక ఇద్దరూ ముక్కలు తెరిచి పెట్టాల్సిందే. నాలాంటి మేధావుల కోసమే ఆ రూలు పెట్టి ఉంటారు. అప్పట్లో మా దగ్గర లేదు.

ఆరు వారాలు

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. మంచి మనిషి కాబట్టి మొదట లొరెయిన్‌ని తిట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నువ్వెందుకు పారేశావు సుగుణా, చూడకుండా?"

"ఆవిడ స్ట్రెయిట్ అంది కదండీ!"

"అంటే?"

ఆ ప్రశ్నను తప్పించుకోవడానికి నేను లొరెయిన్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. ఆరు వారాలు మాట్లాడాను. డీలర్లు కాఫీ తాగే చిన్న గదిలో రోజుకోసారి ఆ ఆట కథ చెప్పేదాన్ని. ఆమె "స్ట్రెయిట్" అన్న తీరు, పెదవులు బిగించిన తీరు, అంతా నటించి చూపించేదాన్ని. అందరూ పగలబడి నవ్వేవారు. అంతకుముందు ఆ గదిలో నా ఇంగ్లీషుకి నవ్వేవారు. ఇప్పుడు నా కథకి నవ్వుతున్నారు. ఆ తేడా నాకు ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను. కథ రోజురోజుకీ బాగుపడింది. మూడోవారానికి లొరెయిన్ నా వైపు చూసి కన్నుకొట్టింది కూడా. అది నేను కలిపిన మసాలా.

పగటి షిఫ్టులో లొరెయిన్‌తో కూర్చోవడం అందరూ మానేశారు. ఆమె కాఫీ కప్పు తీసుకుని వెళ్లి తన కారులో కూర్చునేది. ఎవరో ఆమె లాకరు తలుపు మీద ఆరు అంకె వేసి, పక్కన ఎనిమిది వేసి, ప్రశ్నార్థకం పెట్టారు. నేను కాదు. కానీ చూసి నవ్వాను.

నాలుగు గంటలకి

నా షిఫ్టు సాయంత్రం నాలుగింటికి మొదలు. లొరెయిన్‌ది అప్పుడే ముగింపు. ఒకరోజు ఆమె బల్లకి నన్ను వేశారు. వెళ్లి వెనక నిలబడ్డాను. ఆట చివర్లో ఉంది. ఒక ముసలాయన ముక్కలు తెరిచి, "రెండు జతలు" అన్నాడు. ఎదురుగా ఒక జపాన్ టూరిస్టు ఏమీ అనకుండా తన ముక్కలు తెరిచి పెట్టాడు. పాపం, అతనికి ఇంగ్లీషు రాదు. అతని దగ్గర రెండు డైమన్లు, బల్ల మధ్యలో మూడు డైమన్లు. ఐదూ ఒకే రంగు. రెండు జతలు దాని కాలిగోటికి కూడా సరిపోవు.

లొరెయిన్ ముందుకు వంగి ఆ ముక్కలకేసి చూసింది. తల కొంచెం పక్కకి తిప్పి, ఓరగా మళ్లీ చూసింది. "నీ దగ్గరేముందో చెప్పు హనీ" అంది. టూరిస్టు నవ్వి తల ఊపాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, బిళ్లల్ని ముసలాయన వైపు తోయబోయింది.

"లొరెయిన్, అతనివి అన్నీ డైమన్లే" అన్నాను.

ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది. "అరె, చూడు నా మతిమరుపు!" అని నవ్వి బిళ్లల్ని టూరిస్టు వైపు మళ్లించింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. అరచేతులు చూపించి లేచేటప్పుడు కూడా ఆమె నన్ను సూటిగా కాక ఓరగా చూడటం నేనొక్కదాన్నే గమనించాను.

ఆ అరగంటా ఏ ముక్క ఎవరికి పంచానో నాకు తెలియదు. భుజం తట్టగానే బయటికి పరిగెత్తాను. ఆమె ఇంకా కారులోనే ఉంది. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. కిటికీ అద్దం దించింది.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాను.

"రెండేళ్లు. సూటిగా చూస్తే మధ్యలో మసక. ఓరగా చూస్తే కనబడుతుంది. పొద్దున కొంచెం నయం, పొద్దెక్కేకొద్దీ మరీ కష్టం. డాక్టరు బాగుచేసేది కాదన్నాడు."

"మరి ఆ రోజు ఎనిమిదిని ఆరనుకున్నానని చెప్పేస్తే సరిపోయేది కదా! ఇన్నాళ్లు అందరూ నిన్ను..."

"చెప్తే తర్వాత ప్రశ్న ఏంటి? ఎందుకనుకున్నావు అని. కళ్లకేమైంది అని." ఆమె నా వైపు తిరిగింది. చూపు నా మొహం మీద కాక చెవి మీద ఆగింది. "దొంగ అయితే కన్నేసి ఉంచుతారు హనీ. గుడ్డిదైతే ఇంటికి పంపుతారు."

నేను అనాల్సిన మాటే అన్నాను. "నీ కళ్ల సంగతి నేను ఎవరికీ చెప్పను. కానీ నువ్వు ఇంక ముక్కలు పంచకూడదు. ఆ టూరిస్టు ఇవాళ గెలిచిన ఆట పోగొట్టుకునేవాడు. అతనికి అడగడం కూడా రాదు."

"ఏం చెయ్యాలో నాకు నువ్వు చెప్తావా?"

"అవును."

"ఆరు వారాలు నన్ను దొంగన్నావు."

"అవును."

ఆమె కారు స్టార్ట్ చేసింది. నేను పక్కకి జరగడం తప్ప చేయగలిగింది లేదు.

మూడో దారి

మర్నాడు పొద్దున షీలా స్కూలుకి వెళ్లాక ఆయనకి అంతా చెప్పాను. ఇడ్లీ చల్లారిపోతున్నా తినకుండా విన్నాడు.

"అయితే ఆవిడ దొంగ కాదని చెప్పాలంటే గుడ్డిదని చెప్పాలి" అన్నాడు.

"అవునండీ."

"గుడ్డిదని చెప్తే ఉద్యోగం పోతుంది."

"అవునండీ."

"మరి ఆవిడ తప్పు కాకపోతే ఇంకెవరిదో తప్పవ్వాలి. అక్కడ ఇంకెవరున్నారు?"

ఆయన ఇంజినీరు. బల్ల దగ్గరుంటే నాకు నచ్చని జాతి. కానీ ఇంట్లో అప్పుడప్పుడు పనికొస్తారు.

ఆ సాయంత్రం షిఫ్టుకి ముందు కాఫీ గదిలో అందరూ ఉండగా లేచి నిలబడ్డాను. ఇంగ్లీషులో 'ఎయింట్' అని ఒక మాట ఉంది. కాదు అని అర్థం. పుస్తకాల్లో ఉండదు, నోళ్లలో ఉంటుంది. "నేనొక పెద్ద తప్పు చేశాను" అన్నాను. "లొరెయిన్ ఆ రోజు స్ట్రెయిట్ అనలేదు. 'ఎయింట్ స్ట్రెయిట్' అంది. స్ట్రెయిట్ కాదని చెప్పింది. నేను సగమే విని ముక్కలు పారేశాను. నిన్న మా ఆయన చెప్తే తెలిసింది ఆ మాటకి అర్థం."

గది పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఎవరో నా వీపు తట్టారు. ఎవరో, "ఇంగ్లీషు స్కూల్లో చేరు సుగుణా" అన్నారు.

నేను నిజం చెప్పిన ఆరు వారాల్లో కూడా, లొరెయిన్ అలాంటిది కాదే అని ఒకరిద్దరికి అనుమానం ఉండేది. ఈ అబద్ధం చెప్పగానే ఒక్కరికీ అనుమానం రాలేదు. నా ఇంగ్లీషు మీద వాళ్లకున్న చులకన అంత గట్టిది. ఆరేళ్లలో అది నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఎడ్డీ మాత్రం నవ్వలేదు. నన్ను తన గదికి పిలిచాడు.

"ఎయింట్ అందా?"

"అంది."

"నేను రెండడుగుల దూరంలో ఉన్నాను."

"మీరు సిగరెట్లు ఎక్కువ తాగుతారు" అన్నాను. చెవులకీ సిగరెట్లకీ సంబంధం ఏమిటో నాకూ తెలియదు.

అతను పెన్సిలు తిప్పుతూ కూర్చున్నాడు. "వచ్చే నెల నిన్ను ఫ్లోర్ మీద వేద్దామనుకున్నాను. బల్లల దగ్గర తగాదాలు తీర్చే పని. పగటి షిఫ్టు. ఆదివారాలు సెలవు. ఆ పనికి చెవులు బాగుండాలి. ఎవరు ఏమన్నారో సరిగ్గా వినేవాళ్లు కావాలి."

"అవును, కావాలి."

"ఇంకోసారి అడుగుతాను. ఆమె ఏమంది?"

నిజం చెప్తున్నాను, నేను వెంటనే జవాబివ్వలేదు. గొప్ప త్యాగమూర్తిలా టక్కున చెప్పేశానని రాసుకోవచ్చు, ఎవరొచ్చి కాదంటారు? కానీ నేను శాక్రమెంటో హాలు గురించి ఆలోచించాను. షీలా పాటలు పాడుతుందట, నేను వినలేదు. దాని గురించి ఆలోచించాను. కార్లో కాఫీ తాగే మనిషి గురించి కూడా.

"ఎయింట్ స్ట్రెయిట్ అంది" అన్నాను.

"సరే" అన్నాడు ఎడ్డీ. అంతే. ఫ్లోర్ పని ఇంకొకతనికి ఇచ్చాడు. అతని చెవులు అద్భుతం. మధ్యలో మెదడు మాత్రం అడ్డం వచ్చేది.

పదిరోజులకి లొరెయిన్ తనంతట తానే ఎడ్డీ దగ్గరికి వెళ్లి, మోకాళ్లు నొప్పులని, బోర్డు దగ్గర పని ఇమ్మని అడిగింది. గుమ్మం పక్కన పెద్ద తెల్లబోర్డు మీద వెయిట్ చేసేవాళ్ల పేర్లు లావుపాటి అక్షరాలతో రాసి, మైకులో పిలిచి, బల్లలకి పంపే పని. ఆమె గొంతు దానికోసమే పుట్టినట్టుండేది. ఎడ్డీ ఏ ప్రశ్నా వేయకుండా ఇచ్చాడు. అతనికి ఎంత తెలుసో నాకు ఈనాటికీ తెలియదు. మంచి బాసంటే నా లెక్కలో అదే. తెలిసినదంతా పైకి అడగని మనిషి.

లొరెయిన్ నాకు థ్యాంక్స్ చెప్పలేదు. ఎదురుపడితే తల ఊపేది. నేను మళ్లీ సాయంత్రం షిఫ్టుకీ, ఆదివారం రష్షుకీ తిరిగి వెళ్లాను.

బోర్డు వదిలిన రోజు

రెండేళ్ల తర్వాత ఎడ్డీ నన్ను ఫ్లోర్ మీద వేశాడు. ఆదివారాలు దొరికాయి. అప్పటికి శాక్రమెంటో సంఘం పెరిగి, ఏ పాటల పుస్తకం వాడాలన్న మహత్తరమైన విషయం మీద రెండుగా చీలింది. మేము రెండింటికీ మార్చి మార్చి వెళ్లి రెండింటికీ చెడ్డయ్యాం. షీలాకి నలుగురిలో పాడటానికి సిగ్గుపడే వయసొచ్చింది.

ఇంకో ఏడాదికి లొరెయిన్ పని మానేసి ఆరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పటికి ఆమె కారు నడపడం మానేసి బస్సులో వస్తోంది. చివరి రోజు మధ్యాహ్నం చెల్లెలు కారు తెచ్చి పార్కింగ్‌లో పెట్టింది. నేను లొరెయిన్ పెట్టె మోసుకుంటూ వెంట వెళ్లాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని నడిచింది.

కారు దగ్గర ఆగి, "ఆ ఎనిమిది" అంది.

"ఏ ఎనిమిది?"

"నాకు ఎనిమిదిలాగే కనబడింది."

నేను పెట్టె కింద పెట్టాను.

"పొద్దున పూట కదా ఆడాం. మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాను. తొమ్మిది, ఎనిమిది. స్ట్రెయిట్ లేదని తెలుసు. నాకు చీకట్లో కారు నడపడం అప్పటికే చేతకావడం లేదు. పగటి షిఫ్టు రాకపోతే ఆ నెలలోనే మానేయాలి. నువ్వు ఒళ్లు మండితే ఎదుటివాళ్ల ముక్కలు చూడకుండా నీవి విసిరేస్తావని కూడా తెలుసు. ఆరేళ్లు నీ పక్కన పనిచేశాను కదా."

"మరి ఆరు వారాలు నేను అంతలేసి మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"ఏమనను? నువ్వు చెప్పేది నిజం." కాస్త ఆగి, "కన్నుకొట్టడం తప్ప" అంది.

చెల్లెలు హారన్ కొట్టింది. లొరెయిన్ తడుముకుంటూ డోరు తీసుకుని కూర్చుంది. కారు వెళ్లిపోయాక నాకు కోపం వచ్చింది. ఆమె ఉండగా రాలేదు. నా కోపానికి ఎప్పుడూ టైమింగ్ తక్కువ. ఎడ్డీ గదికి వెళ్లి అంతా చెప్పేద్దామని గుమ్మం దాకా వెళ్లాను. అతను తలెత్తి చూశాడు.

"ఏమిటి?"

"ఏమీ లేదు. బోర్డుకి కొత్త మనిషి కావాలి" అన్నాను.

రెండేళ్ల ఆదివారాలు పెట్టి నేనొక అబద్ధం కట్టాను. దాన్ని నా చేత్తోనే పడగొట్టి ఏం లాభం? ఆమె మోసం చేసింది. ఆమె చూపూ పోయింది. రెండూ నిజమే. నేను మొదట ఒకటే నమ్మాను, తర్వాత దాన్ని తీసేసి రెండోదే నమ్మాను. లక్షల ఆటలు పంచినా ఒక మనిషి దగ్గర రెండు ముక్కలుంటాయని తోచలేదు.

కాబట్టి కెజియా, నీ బల్ల దగ్గర అబద్ధాలాడేవాళ్లు ఉంటారు, నిజం చెప్పలేనివాళ్లు ఉంటారు, ఇద్దరూ ఒక్కరే అయినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను తేల్చడం నీ పని కాదు, నీకు చేతకాదు కూడా. నేను లొరెయిన్ గురించి ఎన్నో రకాలుగా అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. ఆమె స్ట్రెయిట్ అంది, అంతే. నా చేతిలోంచి ఆ జాకీని లాక్కోలేదు. దాన్ని విసిరింది నేను.